బోర్లించిన గంప

ఎల్లారావు చెప్పినదాన్ని బట్టి అతని పడవను ఒకసారి చాపంత వెడల్పున్న టేకు చేప అండమాను దాకా ఈడ్చుకుపోయింది. అక్కడి పోలీసులు టీ ఇచ్చి, బిస్కెట్లు లేనందుకు చేతులు పట్టుకుని బతిమాలి, అదే చేపకు మళ్ళీ తాడు కట్టి వెనక్కి పంపించారు. ఇంకోసారి దీపస్తంభం వెలుతురు అతని వలలో చిక్కుకుంది. ఎంత విడదీసినా రాకపోతే పక్క పడవవాళ్ళకి సగం పంచి ఇంటికొచ్చేశాడు. ఆ ఏడు పేటలో ఎవరికీ కిరసనాయిలు ఖర్చు లేదు.

ఫిషింగ్ హార్బర్‌లో ఈ కథలు నమ్మేవాళ్ళు ఒక్కరూ లేరు. వినడం మానేసినవాళ్ళూ లేరు. డెబ్బై దాటిన ఎల్లారావు వల బాగుచేస్తూ కూర్చున్నాడంటే చుట్టూ నలుగురు చేరాల్సిందే.

కాని ఈమధ్య కథ మధ్యలో ఒక ఖాళీ వస్తోంది. చేప నోరు తెరిచిందనగా ఎల్లారావు ఆగిపోతాడు. చొక్కా జేబులోంచి ఫోను తీసి, చెయ్యి బారుగా చాపి, కళ్ళు చికిలించి చూస్తాడు.

"మూడొందల డెబ్బై రెండు" అంటాడు.

వింటున్నవాళ్ళు తలలూపుతారు. ఆ అంకె కథ కాదని అందరికీ తెలుసు.

మూడేళ్ళ కిందట తూర్పు కెరటం కెమికల్స్ అనే కంపెనీ, శుద్ధి చేసినవని తను చెప్పుకునే నీళ్ళని సముద్రంలోకి వదలడానికి పేట పక్కనుంచి గొట్టం వేసింది. పేటలోని అరవై ఇళ్ళకీ కలిపి పరిహారం ఇచ్చింది. పంచుకుంటే తలా ఒక టీవీ వస్తుందని కొందరు లెక్కేశారు. అప్పుడు సంఘం పెద్దగా ఎల్లారావు లేచి ఒక మాటన్నాడు. "ఆడి గొట్టం మన సముద్రంలో ఉన్నప్పుడు ఆడి లాబం మన సేతిలో ఉండాలి గదా. ఆడి సేర్లే కొందాం." అతని కథలన్నిటిలోకీ పేట నమ్మినది ఇదొక్కటే. పరిహారమంతా పెట్టి షేర్లు కొన్నారు. సంఘం పేరున ఉన్నాయవి. అమ్మాలంటే ఎల్లారావు సంతకం కావాలి.

ఇప్పుడు అమ్మే వేళ దగ్గరపడింది. గొట్టం వేశాక ఒడ్డు దగ్గర చేప పలచబడింది. దూరం వెళ్ళి పదిరోజులు ఉండగలిగే పెద్ద బోటు కాకినాడలో బేరానికి ఉంది. షేరు మూడొందల యాభై మీద ఉంటే ఆ బోటు పేటది. దానికి డ్రైవరు ఎల్లారావు కొడుకు మోహన్ అని అందరూ అనుకున్నదే. బోటు రాకపోతే మోహన్ గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి పరాయి బోట్లో కూలికి చేరాలి. నాలుగేళ్ళ కిందట అలా వెళ్ళినవాడే. దారితప్పి సరిహద్దు దాటి, అవతలి దేశం జైల్లో పదమూడు నెలలుండి, పళ్ళు రెండు పోగొట్టుకుని తిరిగొచ్చాడు. ఆ పదమూడు నెలలూ ఎల్లారావు ఒక్క కథ కూడా చెప్పలేదు.

వేట నిషేధం ముగిసిన నెలకి, ఒక సోమవారం పొద్దున్న, భుజాన సంచీ వేసుకున్న ఒకమ్మాయి వలల మధ్య నుంచి జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చింది. పేరు షాహీనా. పుట్టింది పెరిగింది పాత ఊళ్ళో, ఉద్యోగం సీతమ్మధారలో ఆడిటర్ల ఆఫీసులో.

"సంఘం పెద్ద ఎల్లారావుగారంటే మీరేనా తాతగారూ?"

"నానే తల్లీ. సేపలు కావాలా, కత కావాలా?"

"నిజం కావాలండి" అని నవ్వింది ఆ అమ్మాయి. తర్వాత పక్కనున్న ఐసు పెట్టె మీద కూర్చుని విషయం చెప్పింది. షేర్లు అమ్ముకునే పెద్ద కంపెనీలు ఏటేటా లాభనష్టాలతోపాటు ఇంకొన్ని కూడా బయటపెట్టాలని రూలు వచ్చింది. ఎంత పొగ వదిలారు, ఎంత నీరు వాడారు, చుట్టుపక్కల జనం ఎన్ని ఫిర్యాదులు చేశారు, అందులో ఎన్ని తీర్చారు. రాసింది నిజమో కాదో బయటివాళ్ళతో సరిచూపించుకోవాలి. ఆ బయటివాళ్ళే తన ఆఫీసువాళ్ళు.

"పోయినేడు రిపోర్టులో తీరవాసుల ఫిర్యాదులు సున్నా అని రాశారు తాతగారూ. దానికి ఆధారంగా మీరు సంతకం పెట్టిన కాగితం చూపించారు." ఫోనులో ఫోటో తెరిచి అతని ముందు పెట్టింది. "ఈ సంతకం మీదేనా? ఈ సున్నా నిజమేనా?"

సంతకం అతనిదే. భీమిలి దగ్గర పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాడు. చదవకుండా పెట్టానని చెప్పుకునే వీలు కూడా లేదు. పోయినేడు గంగమ్మ పండగకి కంపెనీ రంగు లైట్లు కట్టించి, పేటంతకీ భోజనాలు పెట్టించింది. విస్తళ్ళు ఎత్తుతుండగా ఆఫీసరొకాయన ఈ కాగితం తెచ్చాడు. 'మాకు ఎటువంటి ఫిర్యాదులూ లేవు.' ఎల్లారావు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. పండగ పూట గొడవెందుకని సంతకం గీకాడు.

"సుక్రోరం సెప్తానమ్మా" అన్నాడు. "ముసలోడిని గదా, ఆలోసించుకోవాలి."

షాహీనా లేచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "తాతగారూ, మీ కథల సంగతి దార్లో ఇద్దరు చెప్పారు. శుక్రవారం మాత్రం ఒట్టి మాట చాలదండి. కాగితమేదైనా ఉంటే చూడండి."

ఆ అమ్మాయి కనుమరుగయ్యేదాకా ఆగి, పక్కనే రొయ్యపొట్టు ఆరబోస్తున్న పాపాయమ్మ వంచిన నడుం ఎత్తింది. ఎల్లారావు చనిపోయిన అన్నకి భార్య. అరవై ఎనిమిదేళ్ళు. గొట్టం మూతి దగ్గర మోకాలి లోతు నీళ్ళలో గుల్లలు ఏరుకునేది. రెండు పాదాల మీదా తోలు ఊడి, ఎర్రటి మచ్చలు పిక్కల దాకా పాకాయి. పోయినేటి పండగకి ముందే కంపెనీ గేటు దగ్గరికి మూడుసార్లు వెళ్ళి మొరపెట్టుకుంది.

"ఏటి మరిదీ, సేప నిన్ను అండమాను దాకా ఈడ్సుకెల్లిందంటే ఊరంతా ఇనేలా సెప్తావు. నా కాళ్ళ కాడికొచ్చేసరికి సున్నాయేటి?"

"అప్పుడే ఆ పాపకి నువ్వే సెప్పీవొచ్చు గదా వదినా."

"పేటకి పెద్దవి నువ్వు. బయటోళ్ళతో మాట నీది. నువ్వు సున్నా అన్నాక నాను మూడంటే, ఈళ్ళకి రెండు నోళ్ళున్నాయనుకోరా?" చేటెడు పొట్టు విసురుగా చాప మీద పోసింది. "మీ అన్న పెద్దరికం సేసినన్నాళ్ళూ ఒకే నోరు. అది నువ్వు తిండికి తెరిసావు."

ఎల్లారావు వల పక్కన పడేసి లేచాడు. 

మర్నాడు పాత ఊరికి వెళ్ళాడు. అక్కడ నజీర్ దుకాణముంది. ముందంతా తాళ్ళు, లంగర్లు, వలకి కట్టే బెండ్లు. వెనక బల్ల మీద షేర్ల కంప్యూటరు. నలభై ఏళ్ళ స్నేహం. పేట షేర్లు కొనిపెట్టింది అతనే.

జరిగినదంతా విని నజీర్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"బావా, ఈ మూడొందల డెబ్బై రెండు ఎక్కడ్నుంచి వచ్చిందో తెలుసా నీకు?"

"కంపెనీ బాగా నడస్తంది గదా."

"నడక పోయినేడు లాగే ఉంది. లాభం ఒక్క పైసా పెరగలా. అరె, విను. ఈ రూలు వస్తందన్నప్పుడు పొగగొట్టం ఉన్న ప్రతి షేరూ పడింది. ఎవడి గుట్టు బయటపడతాదోనని భయం. తర్వాత రిపోర్టులొచ్చాయి. మీ కంపెనీ రిపోర్టులో ఫిర్యాదులు సున్నా. మచ్చ లేని కంపెనీలే కొంటామనే పెద్ద ఫండ్లున్నాయి బొంబాయిలో. వాళ్ళు ఆ సున్నా చూసి కొన్నారు. వాళ్ళని చూసి ఇంకొకళ్ళు. మూడొందల పది కాస్తా ఇక్కడికొచ్చింది."

ఎల్లారావు కంప్యూటరు మీద పైకి పాకిన ఆకుపచ్చ గీత వంక చూశాడు. "అంటే ఆ అరవై రెండు రూపాయలూ..."

"నీ సంతకం బావా."

దుకాణం బయట లారీ ఒకటి హారను కొడుతూనే ఉంది. ఎల్లారావుకి వింతగా అనిపించింది. ఒక చేపకి తాడు కట్టి రెండుసార్లు సముద్రం దాటించినవాడు, ఇంత పెద్ద అబద్ధం ఎప్పుడూ ఆడలేదు. దీన్ని ఎవరెవరో తెలియనివాళ్ళు డబ్బులు పోసి మరీ నమ్మారు.

"మరి నిజం సెప్తే ఏటవుద్ది? ఎంత పడుద్ది?"

"పక్కన ఎరువుల కంపెనీ ఒకటుంది. అది పోయినేడే పదిహేడు ఫిర్యాదులని తనే రాసుకుంది. రెండు రూపాయలు పడి, వారంలో లేచింది."

ఎల్లారావు ముఖం విప్పారింది. "రెండేనా! అయితే మనకి బయమేటి?"

"వాడు తనే చెప్పుకున్నాడు బావా. మీవాడి సంగతి పక్కవాళ్ళు చెప్తారు. అది వేరు." గొంతు తగ్గించాడు. "గురువారం అమ్మేసి శుక్రవారం చెప్పొచ్చు. రిపోర్టు ఆగస్టులో గాని బయటికి రాదు. కాని లోపలి సంగతి తెలిసి ముందే అమ్మడం రూలుకి కుదరదు. నీలాంటివాడిని ఎవడూ పట్టుకోడనుకో. పట్టుకోడు గనక చెయ్యమంటావా? నన్నడక్కు. సంతకం పెట్టి తెస్తే అమ్మిపెడతా, తర్వాత నీతో టీ తాగగలనో లేదో చెప్పలేను."

బుధవారం సాయంత్రం అన్నాల దగ్గర కొడుక్కి చెప్పాడు. మోహన్ తల ఎత్తలేదు.

"రేపు అమ్మీ అయ్యా."

"కొన్నోడి సంగతో?"

"ఆడెవడో నాకు తెలీదు. నా సంగతి నీకు తెలుసు." మోహన్ పళ్ళు లేని చోట నాలుకతో తడుముకున్నాడు. అది జైలు నుంచి తెచ్చుకున్న అలవాటు. కోడలు ఈశ్వరి చారు గిన్నె దింపి, "అమ్మీండి మావా" అంది. అంతకన్న అనలేదు. ఆ పదమూడు నెలలూ కలెక్టరాఫీసు మెట్లెక్కి దిగింది ఆ పిల్లే.

ఎల్లారావు సరేనన్నాడు. పొద్దున్న వేలం ముగియగానే నజీర్ దగ్గరికి పోదామనుకున్నాడు.

హార్బర్‌లో వేలం వెలుగు రాకముందే మొదలవుతుంది. గంపల వరస, పాటగాళ్ళ కేకలు, కాళ్ళ కింద ఐసు నీళ్ళు. గంప పైన కనిపించే చేపే అడుగునా ఉంటుందని నమ్మి ధర పాడాలి. నమ్మకం కుదరనివాడు "బోర్లించు" అని అరవొచ్చు. ఆ మాట ఎవరి నోటినుంచి వచ్చినా సరే, గంప ఎవరిదైనా సరే, అక్కడికక్కడ నేల మీద తిరగెయ్యాలి. తిరగెయ్యనంటే ఆ రోజు నుంచి వాడి గంప ఎవరూ పాడరు. ఆ కట్టుబాటు ఎల్లారావు తాత నాటిది.

ఆ పొద్దున్న మోహన్ గంపలో పైన వంజరం చేప నిగనిగలాడుతోంది. పెందుర్తిలో మెస్సు నడిపే జగ్గయ్య కొత్తగా వస్తున్నాడు. వేలం పద్ధతులు ఇంకా తెలియనివాడు. వేలు పెట్టి పై చేప ఒత్తి చూసి, ధర పెంచుకుంటూ పోయాడు. ఎల్లారావు ముక్కుకి ముందు తెలిసింది, తర్వాత కంటికి. గంప అడుగు నుంచి కారుతున్న నీళ్ళ రంగు బాగోలేదు. మూడురోజుల చేప కింద ఉంది. పైన మాత్రం ఇవాళ్టిది.

వేలం వేసేవాడు మూడోసారి పిలవబోతున్నాడు.

"బోర్లించు!"

అరిచినవాడు ఎవడా అని తలలు తిరిగాయి. ఎల్లారావు కూడా అలాగే చూశాడు. ఆ కేక తన నోట్లోంచి వచ్చిందని తెలియడానికి రెండు క్షణాలు పట్టింది.

మోహన్ తండ్రి వైపు చూశాడు. వంగి గంప తిరగేశాడు. మెత్తబడ్డ చేపలు సిమెంటు మీద జారాయి. కళ్ళు గుంటలు పడ్డవి, పొట్టలు పగిలినవి. జగ్గయ్య అడుగు వెనక్కి వేశాడు. పాట సగం ధర దగ్గర కూడా ఆగలేదు. చివరికి కోళ్ళమేత వాడు ఎత్తుకుపోయాడు. మోహన్ మిగతా రెండు గంపల్లో మంచి చేపే ఉంది. వాటినీ ఎవరూ పాడలేదు.

"సరే అయ్యా" అన్నాడు మోహన్, ఖాళీ గంప కాలితో తోసి. "నా గంప బోర్లించావు. నీ గంప ఏటి సేత్తావో సూత్తాను."

అక్కడే, ఆ ఐసు నీళ్ళలో నిలబడి, సంఘంవాళ్ళందరికీ ఎల్లారావు చెప్పాడు. పండగ నాటి సంతకం, అరవై రెండు రూపాయలు, షాహీనా అడిగిన ప్రశ్న. చెప్పి, "అమ్మడానికి నా సంతకం కావాలి. నాను పెట్టను. పెద్దరికం తీసీండి, కొత్త పెద్ద అమ్ముకుంటాడు" అన్నాడు.

కోశాధికారి నూకాలు ముందుకొచ్చాడు. "కొనమన్నదీ నువ్వే, వద్దన్నదీ నువ్వేనా? మా పిల్లల నోటికాడ కూడు నీ కతలకి తాకట్టేటి ముసలోడా?"

"అవున్రా" అన్నాడు ఎల్లారావు.

తిట్టారు. ఒకడు తలపాగా విసిరికొట్టాడు. కొత్త పెద్దని ఎన్నుకోవాలంటే సంఘంవాళ్ళు అమావాస్య నాడు గాని కూడరు. కనక ఎవరూ ఏమీ చెయ్యలేక, తిడుతూనే గంపలు ఎత్తుకుని పోయారు.

శుక్రవారం షాహీనా వచ్చింది. ఎల్లారావు నోరు తెరిచి, "మూడు పిర్యాదులమ్మా" అన్నాడు. "సున్నా నాను రాసిన కత."

"ఆధారం తాతగారూ?"

అతని దగ్గరేమీ లేదు. ఐసు పెట్టె మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. హార్బర్ మొత్తానికి అబద్ధాలకోరుగా పేరుపడ్డ మనిషి ఇప్పుడు నిజం చెప్తున్నానంటే ఏ కాగితం మీద రాసుకుంటారు?

పాపాయమ్మ వచ్చి అతని పక్కన నిలబడింది. నడుముకి కట్టుకున్న వక్కాకు సంచీ విప్పింది. ఆకుల కింద, సున్నం కాయ కింద, నాలుగు మడతలు పెట్టిన మూడు చీటీలు. కంపెనీ గేటు దగ్గర లోపలికి వెళ్ళడానికి రాసిచ్చేవి. తేదీ, వేళ, వాచ్‌మన్ సంతకం. 'పని' అన్న చోట మూడింటి మీదా ఒకటే మాట: కాళ్ళ పుండ్లు, నీళ్ళ గురించి.

"మా పెద్ద నోరు తెరిసాడు గనక తీసేను" అంది పాపాయమ్మ షాహీనాతో. "లేకపోతే నాతోనే పోయీవి."

షాహీనా ఒక్కొక్క చీటీ వెలుతురుకి ఎత్తి ఫోటో తీసుకుంది. తర్వాత ఫోను పక్కన పెట్టి, కింద కూర్చుని, పాపాయమ్మ పాదాలు చూసింది. వాటిని ఫోటో తియ్యలేదు.

రిపోర్టు ఆగస్టు రెండో వారంలో బయటికొచ్చింది. ఫిర్యాదులు మూడు, తీర్చినవి సున్నా, పోయినేటి అంకె తప్పు. అంతే, మూడు ముక్కలు. నజీర్ దుకాణంలో ఎల్లారావు బల్ల ముందు కూర్చుని చూశాడు. బజారు తెరిచిన పది నిమిషాల్లో షేరు, రూలు ప్రకారం ఆ రోజుకి పడగలిగినంతా పడి ఆగిపోయింది. అమ్మేవాళ్ళే గాని కొనేవాడు లేడు. మర్నాడూ అంతే. ఆ పక్క ఎరువుల కంపెనీ అర్ధరూపాయి పెరిగింది కూడా.

"మూడు పుండ్లకి ఇంతా?" అన్నాడు ఎల్లారావు.

"పుండ్లకి కాదు బావా. ఇది దాచినవాడు ఇంకేం దాచాడోనని."

ఎల్లారావుకి మోహన్ తిరగెయ్యని రెండు మంచి గంపలు గుర్తొచ్చాయి.

రెండొందల డెబ్బై దగ్గర షేరు కూలబడింది. కాకినాడ బోటు ఇంకెవరో కొన్నారు. మోహన్ వెరావల్ వెళ్ళే బృందంలో పేరు రాయించుకుని, మంగళవారం రైలెక్కాడు. స్టేషన్లో తండ్రితో మాట్లాడలేదు. కిటికీలోంచి మాత్రం, "మందులు ఏసుకో" అన్నాడు. ఎవరినన్నాడో తెలియలేదు. ఈశ్వరి కూడా పక్కనే ఉంది.

పెద్దరికం తీసేస్తారనుకున్న అమావాస్య వచ్చి వెళ్ళింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అతని దగ్గర కూర్చోవడం మాత్రం మానేశారు.

వినాయక చవితి ముందు కంపెనీ ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. ఈసారి లైట్లు లేవు. ఒక అట్టపెట్టె, ఒక కాగితం. పెట్టెలో మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, కొత్తవి. పాపాయమ్మ చేతిలో పెట్టి ఫోటో తీశాడు. కాగితం ఎల్లారావుకి ఇచ్చాడు.

"ఫిర్యాదులు మూడూ పరిష్కారమయ్యాయని రాశాం పెద్దాయనా. మీరు సంతకం పెడితే స్టాక్ ఎక్స్చేంజికి పంపిస్తాం. షేరు లేస్తుంది. మీ పేటకీ మంచిదే కదా."

నజీర్ కూడా అదే చెప్పాడు ముందురోజు. ఆ కాగితం బయటికొస్తే మూడొందల యాభై మళ్ళీ చూడొచ్చని, అప్పుడు ఇంకో బోటు వెతకొచ్చని. మోహన్ వెళ్ళి ఇరవై రోజులు. వెనక్కి పిలవడానికి ఇంకా వేళ మించలేదు. దూరంగా వలల దగ్గర నూకాలూ ఇంకో నలుగురూ పని ఆపి ఇటే చూస్తున్నారు.

ఎల్లారావు కాగితం అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. జేబులోంచి పెన్ను తీశాడు. బూట్ల వంక, పాపాయమ్మ కాళ్ళ వంక చూశాడు. బూట్లు ఎక్కించుకోవడానికి ఆమె పిక్కల మీద తోలు ఒప్పుకునేలా లేదు.

"బాబూ" అన్నాడు ఆఫీసరుతో, "పెడతాను. పెట్టడానికేటి, సంతకం గదా. ముందు మీరొక పని సెయ్యండి. ఆ బూట్లు పక్కనెట్టి, పేంటు మడిసి, ఆ గొట్టం కాడ మోకాలి లోతున పావుగంట నిలబడి రండి."

ఆఫీసరు నవ్వాడు. ఈ ముసలాయన కథలు అతనూ విన్నాడు. ఎవరూ తిరిగి నవ్వకపోయేసరికి ఆపేశాడు. గొట్టం వైపు చూశాడు. అక్కడ నీళ్ళ మీద గోధుమరంగు నురగ అంచు కట్టుకుని, అల వచ్చినప్పుడల్లా విరిగి మళ్ళీ కలుసుకుంటోంది.

ఎల్లారావు జేబులో ఫోను మోగింది. ఆ వేళప్పుడు ఫోను చేసేది వెరావల్ నుంచే. పెన్ను ఒక చేతిలో, కాగితం ఒక చేతిలో ఉన్నాయి. ఏది కింద పెట్టాలో తెలియక, ఆఫీసరు మొదటి అడుగు ఎటు వేస్తాడా అని చూస్తూ నిలబడ్డాడు. ఫోను మోగుతూనే ఉంది.